మూడు వంటకాలు అక్కర్లేదు, నిండైన సూపు చాలు

ప్రశ్న: అక్కా, మేము టోక్యోలోని నిషి-కసాయిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మా బాబుకు ఐదేళ్లు. పగలంతా హోయికుఎన్‌లో, అంటే ఇక్కడి శిశు సంరక్షణ కేంద్రంలో ఉంటాడు. అక్కడి మధ్యాహ్న భోజనం వాడికి ఎంత నచ్చిందంటే, రాత్రి పప్పన్నం పెడితే ‘మిసో సూపు ఏది?’ అని అడుగుతున్నాడు. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. జపాన్ వంటల పుస్తకం కొని చూశాను. ఒక సూపు, మూడు వంటకాలు ఉండాలని రాశారు. ఆరున్నరకు ఇల్లు చేరి అవన్నీ చేసేసరికి ఎనిమిదిన్నర దాటుతోంది. మూడు నెలలు ఉందామని మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మావారు కోడి, చేప తింటారు. గొడ్డు మాంసం మా ఇంట్లోకి రాదు. అందరికీ సరిపడేలా, తొందరగా అయ్యే జపాన్ వంట ఉందా? మొదలు ఎక్కడ పెట్టాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పుస్తకాన్ని సెలవు రోజులకు దాచిపెట్టండి. ఒక సూపు, మూడు వంటకాల పద్ధతిని జపనీయులు ‘ఇచిజూ సన్సాయి’ అంటారు. 2013 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిన జపాన్ సంప్రదాయ భోజనానికి అదే పునాది. కాదనను. కానీ మంగళవారం సాయంత్రం రైలు దిగి, పిల్లవాడిని వెంటబెట్టుకుని ఇల్లు చేరిన తల్లి వంటగదికి అది కొలత కాదు. ఈ మాట నాది మాత్రమే కాదు. టీవీ వంటల కార్యక్రమాలతో జపాన్‌లో ఇంటింటికీ తెలిసిన దోయి యోషిహారు 2016 నుంచి ఇదే చెబుతున్నారు: అన్నం, కూరగాయలు దండిగా వేసిన మిసో సూపు, నంజుకోవడానికి ఊరగాయ ఉంటే రోజువారీ భోజనం పూర్తయినట్లే. ఆయన తండ్రి దోయి మసారు కూడా పేరున్న వంటల గురువు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ మాట అన్నారంటే మీరు నిశ్చింతగా పాటించవచ్చు.

కాబట్టి మీ వారం రాత్రుల వంటను ఒక్క గిన్నె సూపు చుట్టూ అల్లుకోండి. మిగతాది ఏదైనా దానికి తోడే. మీ ఇంటికి తగినట్లుగా నేను పెట్టే నియమం ఒక్కటే. మూలం ఎప్పుడూ శాకాహారంగా ఉండాలి. చేపా, కోడీ, గుడ్డూ చివర్లో వేరే గిన్నెలో చేరాలి. అప్పుడు అత్తగారికి వేరుగా వండే పని ఉండదు. ఆవిడ కూడా అందరితోపాటు అదే గిన్నెలోంచి తింటారు.

ఆ మూలం పేరు దాషి. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేప తురుము కలిపి తీసే తేట నీరు ఇది. 1908లో ఇకెదా కికునాయె అనే టోక్యో ఆచార్యుడు కొంబు నీటిలోని రుచికి కారణం గ్లూటమేట్ అని తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. చేపలో ఉండేది ఇనోసినేట్, ఎండు షీతాకె పుట్టగొడుగుల్లో ఉండేది గ్వానిలేట్. కొంబుకు ఈ రెండింటిలో ఏది తోడైనా రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే చేప లేకుండా, కొంబు, షీతాకెతోనే బలమైన దాషి వస్తుంది. బౌద్ధ మఠాల శాకాహార వంట ‘షోజిన్ ర్యోరి’ నడిచేది ఈ జోడీ మీదే. మీ అత్తగారి కోసం జపాన్ వంటను మార్చినట్లు కాదు, జపాన్‌లో శతాబ్దాలుగా ఉన్న దారినే మీరు పట్టినట్లు.

చేయడానికి పొయ్యి కూడా అక్కర్లేదు. లీటరు నీళ్లు పట్టే సీసాలో 10 గ్రాముల కొంబు, రెండు ఎండు షీతాకెలు వేసి రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవారేసరికి దాషి సిద్ధం. రెండు మూడు రోజుల్లో వాడేయాలి. సీసా ఖాళీ కాగానే మళ్లీ నింపి పెట్టడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, ఆ పని మీ ఒక్కరిదే కాకూడదు. నానిన షీతాకెను సన్నగా తరిగి సూపులోనే వేయండి. కొంబును కూడా పారేయకండి. సన్నని పేలికలుగా కోసి షోయు (అదే సోయా సాస్), కాస్త పంచదారతో నీరు ఇగిరేదాకా ఉడికిస్తే అన్నంలో నంజుకోవడానికి బాగుంటుంది.

అంగట్లో దొరికే పొడి దాషి తప్పా అని మీరు అడగవచ్చు. తప్పేమీ కాదు, ఎన్నో జపనీయుల ఇళ్లలో వాడేది అదే. మీ ఇంటి చిక్కు వేరు. ఆ పొడుల్లో చాలావాటిలో చేప ఉంటుంది. పొట్లం మీద ‘దాషి-ఇరి’ అని ఉన్న మిసోలో దాషి ముందే కలిసి ఉంటుంది, అది ఎక్కువగా చేప దాషే. ఉదోన్, సోబా నూడుల్స్‌కు వాడే మెన్‌త్సుయు సీసాల్లోనూ అంతే. జపాన్ పొట్లాల మీద అలర్జీ పదార్థాలను గడుల్లో ముద్రిస్తారు కదా, ఆ గడులు చూసి నిశ్చింత పడకండి. ఆ జాబితాలో కత్సువో లేదు. కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల వరుసను ఫోను కెమెరాతో అనువాదం చేసుకుని చదవండి. ఒక్కసారి సరైన మిసో దొరికితే ప్రతిసారీ అదే రకం కొనండి, వెతుకులాట తప్పుతుంది.

ఇక మిసో సూపు. ఒక్కో గిన్నెకు 150 నుంచి 180 మిల్లీలీటర్ల దాషి, టేబుల్ స్పూన్ కంటే కాస్త తక్కువ మిసో. ఆలు, క్యారెట్, దైకోన్ ముల్లంగి, గుమ్మడి వంటి గట్టి కూరగాయలను చల్లని దాషిలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. అవి మెత్తబడ్డాక ఉల్లిపాయ, క్యాబేజీ, షిమెజి పుట్టగొడుగులు. ఆ తర్వాత తోఫు. ఆకుకూర ఆఖరున. మంట ఆర్పాక మాత్రమే మిసోను గరిటెలో కొద్ది సూపుతో కరిగించి కలపాలి. మిసో వేశాక తెర్లనివ్వకండి, దాని పరిమళం పోతుంది. మన చేతులకు పోపు అలవాటు. ఆవాలు చిటపటలాడిస్తే బాగుండునని అనిపిస్తుంది. ఈ సూపులో మాత్రం ఆగండి. కారం కావలసిన పెద్దవాళ్లు తమ గిన్నెలో షిచిమి, అంటే ఏడు దినుసుల కారప్పొడి, చల్లుకోవచ్చు.

పిల్లలకు గుమ్మడి, చిలగడదుంప వేసిన సూపు చాలా ఇష్టం. ఆ తీపికి మిసో ఉప్పదనం చక్కగా కుదురుతుంది. మీ బాబుకు మొదట అదే పెట్టండి. క్యోటో వైపు వాడే తెల్ల మిసో తియ్యగా ఉంటుంది, ఐచిలోని ఒకజాకి ఊరి హచ్చో మిసో నల్లగా, ఘాటుగా ఉంటుంది. మొదలుపెట్టడానికి ఈ రెండూ వద్దు. మధ్యస్థంగా ఉండే షిన్షు మిసో, అంటే నాగనో ప్రాంతపు రకం, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

సూపు తర్వాత మీకు నిజంగా సమయం మిగిల్చేది ఇంకొక సీసా. శనివారం ఓ పావుగంట కేటాయించండి. మిరిన్ అంటే బియ్యంతో చేసే తియ్యని వంట మద్యం. 200 మిల్లీలీటర్ల మిరిన్‌ను ఒకటి రెండు నిమిషాలు మరిగించి, అందులో రెండు టేబుల్ స్పూన్ల పంచదార, 200 మిల్లీలీటర్ల షోయు వేసి, అంచున బుడగలు రాగానే దించి చల్లార్చండి. సోబా దుకాణాల వాళ్లు దీన్ని ‘కాయెషి’ అంటారు. ఫ్రిజ్‌లో వారాలపాటు నిలవ ఉంటుంది. మిరిన్‌లో సుమారు 14 శాతం మద్యం ఉంటుంది. మరిగిస్తే చాలావరకు ఎగిరిపోతుంది కానీ, అత్తగారికి చెప్పకుండా వాడవద్దు. ఆవిడ వద్దంటే మిరిన్ బదులు అన్ని నీళ్లు, ఇంకో నాలుగు టేబుల్ స్పూన్ల పంచదార వేయండి. నిగనిగ కొంచెం తగ్గుతుంది, రుచికి లోటుండదు.

ఈ కాయెషికి రెండింతల దాషి కలిపితే అన్నం మీద పోసుకునే దోన్‌బురి పులుసు. నాలుగింతలు కలిపితే కూరగాయలు ఉడికించే రసం. ఆరింతలైతే ఉదోన్ రసం. ఈ మూడు కొలతలూ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. మావారికి వంట రాదు అనే మాట ఇక ఆ ఇంట్లో వినపడనక్కర్లేదు.

ఒక సాయంత్రం ఎలా నడుస్తుందో చెబుతాను. ఉదయం వెళ్లేటప్పుడే బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి, ఆరున్నరకు అన్నం అయ్యేలా టైమర్ పెట్టండి. వచ్చాక చేతులు కడుక్కుని, మొదట సూపు గిన్నెలో దాషి పోసి, గట్టి కూరగాయలు వేసి పొయ్యి వెలిగించండి. రెండో పొయ్యి మీద వెడల్పాటి బాణలిలో 200 మిల్లీలీటర్ల దాషి, 100 మిల్లీలీటర్ల కాయెషి, ఒక ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయ మెత్తబడగానే అత్తగారి వాటాకు కొంత రసం, ఉల్లిపాయ చిన్న గిన్నెలోకి తీసేయండి. బాణలిలో మిగిలిన దానిలో 200 గ్రాముల కోడి తొడ మాంసం ముక్కలు వేసి ఉడకనిచ్చి, పూర్తిగా కలిసిపోకుండా తేలికగా గిలకొట్టిన మూడు గుడ్లలో మూడింట రెండు వంతులు పోయండి. అర నిమిషం ఆగి మిగతాది పోసి మూత పెట్టండి. ఇదే ఓయాకోదోన్. జపనీయులు గుడ్డు సగం జారుగా ఉండగానే దించుతారు. అక్కడి గుడ్ల డబ్బా మీద వేసే తేదీ పచ్చిగా తినడానికి గడువు కాబట్టి వాళ్లకు ఆ ధైర్యం. మీ బాబుకు మాత్రం గట్టిపడేదాకా ఉంచండి.

అత్తగారి గిన్నెలో అత్సుఅగె ముక్కలు, షిమెజి వేయండి. అత్సుఅగె అంటే నూనెలో వేయించిన మందపాటి తోఫు. పైన వేడినీళ్లు పోస్తే అంటిన నూనె పోతుంది. నాలుగు నిమిషాలు ఉడికాక చెంచాడు కతకురికో, అంటే ఆలుగడ్డ పిండి, రెండు చెంచాల నీళ్లలో కలిపి పోస్తే రసం చిక్కబడి అన్నానికి పట్టుకుంటుంది. పనీర్ తినే ఇళ్లవాళ్లకు అత్సుఅగె ఇట్టే నచ్చుతుంది. నిజం చెప్పాలంటే ఆ గిన్నె కోసం మిగతావాళ్లు కూడా చేయి చాస్తారు, కాస్త ఎక్కువే చేయండి. ఈలోగా సూపులో ఆకుకూర వేసి, మంట ఆర్పి, మిసో కలపడమే మిగిలి ఉంటుంది. మొత్తం అరగంట లోపు పని.

చేప తినే రోజు ఇంకా సులువు. మీ గ్యాసు పొయ్యి కింద చేపలు కాల్చే చిన్న అర ఉంటే దాన్ని వాడండి. ఉప్పు పట్టించిన సాల్మన్ ముక్కలు దుకాణంలోనే దొరుకుతాయి. అందులో పెడితే పది నిమిషాల్లోపు కాలుతాయి. నూనె చిందదు, నిలబడి తిప్పే పని లేదు. వాసన అత్తగారికి ఇబ్బంది అనిపిస్తే, చేప వండే రోజును మీవారి వంతు చేసి, ఆవిడ పిల్లవాడితో పార్కుకు వెళ్లే సాయంత్రం పెట్టుకోండి.

శుక్రవారం ఒంట్లో ఓపిక ఉండదు. ఫ్రీజర్‌లో ఉదోన్ ఉంచుకోండి. గడ్డకట్టిన ఉదోన్ మరిగే నీళ్లలో నిమిషంలో విచ్చుకుంటుంది. ఆరింతల రసం, పైన పాలకూర, అబురాగె అనే పలచని వేయించిన తోఫు. అంతే. చలికాలంలో అయితే నాబె: బల్ల మీదే చిన్న పొయ్యి పెట్టి, దాషిలో హకుసాయి క్యాబేజీ, తోఫు, పుట్టగొడుగులు ఉడుకుతుంటే అందరూ తీసుకుని పోన్జులో, అంటే పుల్లని పండ్ల రసం కలిపిన షోయులో, అద్దుకుని తినడం. పోన్జు సీసా మీద కూడా పదార్థాలు చదవడం మరవకండి, కొన్నింట్లో చేప దాషి ఉంటుంది.

మీరు అడగకపోయినా కూర గురించి చెప్పాలి, ఎందుకంటే ఏదో ఒక రోజు మీ బాబు ‘కరే రైసు’ అడుగుతాడు. మన దేశం నుంచి బ్రిటన్ చుట్టి మెయిజి కాలంలో జపాన్ చేరిన వంటకం అది. అంగట్లో చాక్లెట్ పలకల్లా దొరికే రూ (కూరను చిక్కబరిచే మసాలా ముద్ద) ముక్కల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కలిసి ఉంటాయి. పొట్లం మీద కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. ‘గ్యూషి’, ‘తోన్‌షి’ అనే మాటలు కనిపిస్తే తిరిగి అరలో పెట్టేయండి. ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడు టేబుల్ స్పూన్ల నూనెలో నాలుగు టేబుల్ స్పూన్ల మైదాను సన్నని సెగ మీద లేత గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కరీ పొడి కలిపి దించండి. ఉడికిన ఆలు, క్యారెట్, ఉల్లిపాయల్లో దీన్ని కరిగించి, ఆపిల్ తురుము, కొంచెం షోయు వేస్తే పిల్లలు మెచ్చే తీపి కూర వస్తుంది. ఆదివారం రెండింతలు చేసి సగం ఫ్రీజర్‌లో పెట్టండి.

అన్నం విషయంలో జపాన్ వంటకు జపాన్ బియ్యమే వాడండి. దోన్‌బురి రసం సోనా మసూరి మీద పోస్తే అడుగుకు జారిపోతుంది, మెతుకు పట్టుకోదు. మిగిలిన జపాన్ అన్నాన్ని ఫ్రిజ్‌లో కాకుండా, వేడిగా ఉండగానే ఒక్కొక్కరి వాటాగా ప్లాస్టిక్ పొరలో చుట్టి, చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రిజ్ చల్లదనంలో అన్నం గట్టిపడి పలుకుగా మారుతుంది. ఫ్రీజర్‌లోది మైక్రోవేవ్‌లో వేడిచేస్తే అప్పుడే వండినట్లుంటుంది. అత్తగారికి సోనా మసూరే కావాలంటే వండుకోనివ్వండి, దాని గురించి పట్టుదలలు వద్దు.

ఆవిడ గురించి మరొక మాట. పగలంతా ఆవిడ ఇంట్లో ఉంటారు, భాష రాని ఊళ్లో. వంటగది కూడా తెలియని సీసాలతో నిండిపోతే ఆవిడకు చేతులు కట్టేసినట్లుంటుంది. ఒక వంటకాన్ని పూర్తిగా ఆవిడకు అప్పగించండి. దానికి నేను ఎంచేది గోమా-ఆయె. పాలకూరను మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, చల్లటి నీళ్లలో వేసి, గట్టిగా పిండి తరగాలి. వేయించిన నువ్వులు రెండు టేబుల్ స్పూన్లు కచ్చాపచ్చాగా నూరి, టేబుల్ స్పూన్ షోయు, రెండు చిన్న చెంచాల పంచదార కలిపి ఆకుకూరకు పట్టించాలి. 200 గ్రాముల పాలకూరకు ఇది సరిపోతుంది. జీవితమంతా నువ్వుల పొడి కొట్టిన చేతికి మనం నేర్పవలసింది ఏముంటుంది? నువ్వులు ఎంతవరకు వేగాలో ఆవిడకు మనకంటే బాగా తెలుసు. చిక్కుళ్లతో, బీన్స్‌తో కూడా చేయవచ్చు. మధ్యాహ్నమే చేసి ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి పళ్లెంలోకి రావడమే. నానమ్మ చేసింది బడిలో పెట్టేదానిలాగే ఉందని బాబు ఒక్కసారి అన్నాడంటే ఆవిడకు అంతకంటే ఏం కావాలి.

బడి మాట వచ్చింది కాబట్టి, హోయికుఎన్‌లో నెలనెలా ఇచ్చే భోజన పట్టిక, కొందాతె-హ్యో, మీ ఇంట్లో వంటగది గోడ మీద ఉండాలి. మధ్యాహ్నం చేప పెట్టిన రోజు రాత్రి ఉదోన్, మధ్యాహ్నం నూడుల్స్ అయితే రాత్రి అన్నం. ఏం వండాలన్న ఆలోచనకు పట్టే సమయం సగం అక్కడే కలిసొస్తుంది. వాడు దేన్ని ఇష్టంగా తింటున్నాడో టీచర్లను అడగండి, వాళ్లు సంతోషంగా చెబుతారు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఈ వంటలో నూనె తక్కువ, ఉప్పు ఎక్కువ. జపాన్ ఆరోగ్య శాఖ 2020 ప్రమాణాల్లో పెద్దవాళ్లకు పెట్టిన లక్ష్యం రోజుకు పురుషులకు 7.5 గ్రాములు, స్త్రీలకు 6.5 గ్రాముల లోపు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే అంటుంది. ఒక గిన్నె మిసో సూపులోనే గ్రాముకు పైగా ఉంటుంది. దాని పక్కన ఆవకాయ కూడా వేసుకుంటే లెక్క దాటిపోతుంది. అందుకే సూపులో నీరు తగ్గించి కూరగాయలు పెంచండి, రాత్రికి ఒక్క గిన్నెతో ఆపండి, సూపు ఉన్న రోజు ఊరగాయ బదులు కీర ముక్కలు పెట్టండి. అత్తగారికి రక్తపోటు ఉంటే ఆవిడ గిన్నెలో మిసో సగమే కలపండి. దాషి బాగుంటే తక్కువ ఉప్పు వెలితిగా అనిపించదు.

ఇక పప్పన్నం. వారంలో ఐదు రాత్రులూ జపాన్ వంటే చేయనక్కర్లేదు. మూడు చాలు. మిగతా రెండు రోజులు పప్పు, చారు చేయండి. వాడు ఆ రోజు తక్కువ తిన్నా బతిమాలకండి, బెదిరించకండి. చారును సూపు గిన్నెలో పోసి, నేరుగా తాగడానికి ఇవ్వండి. మిసో సూపు తాగే తీరు వాడికి వచ్చు కాబట్టి చారు కూడా అలాగే లోపలికి వెళుతుంది. ఎంతోమంది పిల్లలకు అన్నంలో కలిపిన చారంటేనే పేచీ.

ఈ శనివారం కొనవలసినవి: కొంబు, ఎండు షీతాకె, దాషి కలపని షిన్షు మిసో, షోయు, మిరిన్, తెల్ల నువ్వులు, కతకురికో, గడ్డకట్టిన ఉదోన్. అత్సుఅగె, కూరగాయలు ఆదివారం సాయంత్రం తెచ్చుకుంటే తాజాగా ఉంటాయి. సోమవారం గుమ్మడి వేసిన మిసో సూపు, గోమా-ఆయె, అన్నం మాత్రమే చేయండి. దోన్‌బురి బుధవారానికి ఉంచండి.